బాగే ఆంలో తెగిపోయే పద్యం

చీకటి పడ్డదంటే బాగే ఆం తోటలో ఆ రాతి అరుగు, చబూత్రా, దిక్కు ఎవరూ పోయేవారు కాదు. ఒకప్పుడు నాటకాలాడిన చోటది. పోలీస్ యాక్షన్ అయిన కొన్నాళ్లకు అక్కడ ఒక రాణి దెయ్యమై తిరుగుతోందని నాంపల్లంతా పుకారు. పద్యం ఎత్తుకుంటుందట... పై స్వరం దగ్గర గొంతు తెగుతుందట... మళ్లీ మొదటికొస్తుందట.

పక్కింటి సౌభాగ్యక్క చెబుతుంటే నాకు భయంకన్నా జాలే ఎక్కువైంది. తడిసిన వెన్నెల్లో ఒంటరి రాణి!

కానీ అక్క మగడు సదాశివ బావకు ఆ రాణి ఎవరో తెలుసు.

ఆ నాటకాలకు బావ హార్మోనియం వాయించేవాడు. రాణి వేషం కట్టేది ఇంద్రసేన అనే కుర్రవాడు. వాడు పాడితే జనం వన్స్‌మోర్ అని అరిచేవారు; హార్మోనియం పెట్టె ముందున్న మనిషిని చూసినవాడు లేడు. ఒకనాడు బావకు కడుపు మండింది. పద్యానికి శ్రుతి రెండు మెట్లు పైకి ఇచ్చాడు. పెట్టె ఎంత ఇస్తే అందులోనే ఎత్తుకోవాలి, అది నాటకాల పద్ధతి. వాడు ఎత్తుకున్నాడు. పైకి పోయేసరికి గొంతు చీలింది. ఈలలు... నవ్వులు. కుచ్చిళ్లు పట్టుకుని దిగిపోయినవాడు మళ్లీ కనబడలేదు. మూసీలో పడ్డాడన్నారు.

బావ ఎవరికీ చెప్పలేదు. పెట్టె అటకెక్కింది.

ఒక రాత్రి ఖైరతాబాద్ నుంచి నడిచి వస్తూ, వానకు దగ్గరి దారని తోటలోకి జొరబడ్డాడు. వాన వెలిసింది. అప్పుడు వినబడింది —

అదే పద్యం. తాను పెంచిన శ్రుతిలోనే.

మెల్లగా... పైకి... తెగింది.

చబూత్రా మీద తెల్లటి ఆకారం, తల మీద ముసుగు. బావ రెండు చేతులూ జోడించాడు.

"నన్ను ఇడిచిపెట్టు తమ్మీ..." అని గొణిగాడు.

ఆకారం దిగింది. తడి నేల మీద చెప్పుల చప్పుడు... దెయ్యానికి చెప్పులేంది?

"ఎవరు... సదాశివన్ననా?"

ముసుగు కాదు, తువ్వాల. ఇంద్రసేన. చెంపలు పీక్కుపోయినయి గానీ, బతికే ఉన్నాడు.

"సచ్చిపోయినవన్నరు గదరా."

"ఏడ సచ్చిన? కోఠిల బట్టల దుకాణంల ఉన్న. దెయ్యమనుకుంటున్రు, మంచిదే. ఎవరు రారు... నవ్వరు."

"గీడ ఏం జేస్తున్నవ్?"

"సాధన. గా రోజు మా అమ్మ ముందు వరుసల కూసున్నదన్నా. నా గొంతే మోసం జేసింది. పెట్టె ఇచ్చిన శ్రుతి ఇంక చెవిలనే ఉన్నది. గా శ్రుతిల పాడేదాంక వేషం కట్టనని ఒట్టేసుకున్న."

బావ చబూత్రా అంచున కూలబడ్డాడు.

"నీ చెవి తప్పు పోదు. జర చెప్పన్నా... లోపం యాడున్నది?"

అక్క ఇక్కడ ఆగిపోయింది. మొన్న జ్వరంలో బావ ఇదంతా చెప్పి ఏడ్చాడట.

"మరి... ఏమన్నడు బావ?" గుసగుసగా అడిగాను.

అక్క కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇంక జర సాధన గావాలె తమ్మీ, అన్నడట."