సిమెంటు తిమింగలం

ఆదివారం డ్యూటీ లేదంటే నాకు దిగులుగా ఉండేది. వార్డులో ఉన్నంతసేపూ ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు. క్వార్టర్స్‌కి వచ్చి తలుపు వేసుకున్నానంటే, మళ్ళీ సోమవారం పొద్దున్న దాకా నా పేరు పలికేవాళ్ళుండరు. అందుకే ఒక పాత టొయోటా కొనుక్కున్నాను. సెలవు రోజుల్లో దాన్నేసుకుని, సముద్రం పక్కన పాత రోడ్డు వెంట వింతలు చూస్తూ తిరిగేదాన్ని.

ఆ రోడ్డు మీద వింతలకి లోటు లేదు. కొత్త హైవే పడకముందు, డర్బన్ నుంచి సెలవులకి దక్షిణం వైపు పోయే కార్లన్నీ అటే వెళ్ళేవట. వాటిని ఆపడానికి, రోడ్డు పక్కన టీ, టిఫిన్లు అమ్మే ఒక్కో టీరూమ్ వాడు ఒక్కో వింత కట్టించాడు. ఒకచోట ఇల్లంత అనాసపండు. ఒకచోట సిమెంటు ఏనుగు. ఇంకోచోట పిల్లలెక్కే బొమ్మరైలు. హైవే వచ్చాక కార్లు అటు మళ్ళిపోయాయి. ఏనుగు తొండం ఊడింది. రైలు పట్టాల మధ్య గడ్డి మొలిచింది. అయినా ఆదివారాల్లో ఏదో ఒక కుటుంబం వచ్చేది, తాము చిన్నప్పుడు చూసినవి మనవలకి చూపించడానికి. "ఒక్క ఫొటో తీసిపెడతారా?" అని కెమెరా నా చేతికిచ్చేవాళ్ళు. తీసేదాన్ని. థాంక్స్ చెప్పి వెళ్ళిపోయేవాళ్ళు. ఆ రెండు మాటల కోసమే అంత దూరం పోయేదాన్నేమో.

నా పేరు జ్ఞానప్రసూన. మాది విజయనగరం. దక్షిణాఫ్రికాలో అందరూ ఓట్లేసి కొత్త ప్రభుత్వం వచ్చాక, డాక్టర్లు చాలక బయటి దేశాలవాళ్ళని తీసుకున్నారు. అలా నేను ఉమ్‌కోమాస్ దగ్గర ఒక ఆసుపత్రిలో చేరాను. చుట్టూ చెరుకు తోటలు, ఒక పక్క సముద్రం, గాలి తిరిగితే కాగితం గుజ్జు మిల్లు నుంచి ఉడికిన క్యాబేజీ లాంటి వాసన. తెలుగు మాట వినపడదు.

వినపడదంటే పూర్తిగా కాదు. మా వార్డు సిస్టర్ సరస్ ఉండేది. యాభై ఏళ్ళ మనిషి. వాళ్ళ ముత్తాతలు చెరుకు కోతకని ఓడెక్కి వచ్చారట, మా వైపు నుంచే. సరస్ మాట్లాడేదంతా ఇంగ్లీషే. కానీ మధ్యాహ్నం నన్ను చూడగానే మాత్రం "కూడు తిన్నావా?" అనేది. జూనియర్ నర్సుల మీద కోపమొస్తే "నోరు ముయ్యి ఎదవా" అని తిట్టేది. ఆమె దగ్గర మిగిలిన తెలుగు దాదాపు అంతే. నాకు అదే పండగ. సరసక్కా అని పిలిచేదాన్ని.

ఒకరోజు టీ తాగుతూ, నేను చూసొచ్చిన వింతల గురించి చెప్పాను. ఆమె వింటూ వింటూ కప్పు కింద పెట్టింది.

"తిమింగలాన్ని చూశావా?"

"లేదక్కా. ఎక్కడుంది?"

"పాత రోడ్డు మీదే, చెరుకు తోటల వెనకాల. వచ్చే వారం పడగొట్టేస్తున్నారు. అక్కడ హాలిడే ఫ్లాట్లు వస్తాయట."

తలుపు వైపు ఒకసారి చూసింది. గొంతు తగ్గించి చెప్పింది.

ఆ తిమింగలాన్ని కట్టించినవాడు సెసిల్ అనే తెల్లాయన. నోట్లోంచి లోపలికెళ్ళి, కడుపులో నడిచి, తోక దగ్గరి తలుపులోంచి బయటపడొచ్చు. లోపల అరిస్తే గొంతు గుండ్రంగా తిరిగొస్తుందట. తెల్లవాళ్ళ పిల్లలకి మాత్రమే. సరస్ లాంటి పిల్లలు రోడ్డుకి అవతల నిలబడి చూసేవాళ్ళు. ఆమె అక్క వల్లీ ఆ టీరూమ్‌లో గిన్నెలు కడిగేది. సాయంత్రం మూసేముందు తిమింగలం కడుపు ఊడవడం కూడా ఆమె పనే. ఒక సాయంత్రం చీపురు తీసుకుని లోపలికెళ్ళింది. మళ్ళీ ఇంటికి రాలేదు. పదిహేడేళ్ళ పిల్ల.

"ఎవడితోనో లేచిపోయిందన్నాడు సెసిల్. పోలీసులు అదే రాసుకున్నారు. ఆ వారంలోనే తోక దగ్గరి తలుపుకి ఇటుకలు కట్టించేశాడు. ఉప్పుగాలికి తలుపు పుచ్చిపోయిందన్నాడు." సరస్ కొంగులాగా యాప్రాన్ అంచు పట్టుకుంది. "మా అమ్మ రోజూ సాయంత్రం కంచె దగ్గర నిలబడి పిలిచేది. చచ్చేదాకా పిలిచింది."

"నువ్వెప్పుడూ లోపలికెళ్ళలేదా అక్కా? ఇప్పుడు ఎవరూ ఆపరుగా."

"ఆపరు. అందుకే భయం."

తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు రా నాతో. నువ్వు పిలువు. మా అక్కకి ఇంగ్లీషు సరిగ్గా రాదు. నా తెలుగు ముక్కలు ముక్కలు. నీ దగ్గర మొత్తం ఉంది."

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం బయల్దేరాం. జూన్ నెల, అక్కడ చలికాలం. పొద్దు తొందరగా వాలిపోతుంది. కొండ మీద చెరుకు కోతకి ముందు ఆకు తగలబెడుతున్నారు. పొగ, కాలిన చక్కెర వాసన. నల్లటి బూడిద రేకులు కారు అద్దం మీద వచ్చి వాలుతున్నాయి.

తిమింగలం నేననుకున్నదానికంటే పెద్దది. ఒకప్పుడు వేసిన నీలం రంగు పొలుసులుగా లేచిపోయింది. నోరు తెరుచుకుని రోడ్డు వైపు చూస్తోంది. కళ్ళు రెండూ మోటారు టైర్లతో చేసినవి. టీరూమ్ గోడలు మాత్రమే మిగిలాయి. కాపలాకి క్లైవ్ అనే ముసలాయన కుర్చీ వేసుకుని ఉన్నాడు. సరస్ అతనితో ఏదో చెప్పింది. అతను టోపీ తీసి, నాకు టార్చి ఇచ్చాడు.

"తోక వైపు దారి లేదు డాక్టర్. వెళ్ళిన దారినే వెనక్కి రావాలి."

సరస్ నోటి దాకా వచ్చి ఆగిపోయింది. సిమెంటు పళ్ళ మీద చెయ్యి వేసి నిలబడింది.

"పోమ్మా," అంది తెలుగులో. "పిలువు."

నేను వెళ్ళాను.

లోపల చల్లగా ఉంది. పాదాల కింద ఇసుక. గోడల మీద పక్కటెముకలు తెల్లగా గీసి ఉన్నాయి. కొన్నిచోట్ల పిల్లలు తమ పేర్లు గీకారు. దారి కొంచెం వంపు తిరిగింది. తిరిగి చూస్తే నోటి వెలుతురు సగమే కనపడింది. ఇంకొంచెం నడిచాక అదీ లేదు. సముద్రం హోరు మాత్రం గోడల్లోంచి వస్తోంది, ఎవరో నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు.

ఇటుకల గోడ దాకా వెళ్ళి నిలబడ్డాను. సిగ్గేసింది. చదువుకున్నదాన్ని, చీకట్లో నిలబడి చచ్చిపోయిన పిల్లని పిలవడమేమిటి? కానీ బయట సరస్ వింటోంది. గొంతు సవరించుకున్నాను.

"వల్లీ... ఇంటికి రాయే!"

"...రాయే... రాయే..." గొంతు తిరిగొచ్చింది.

"వల్లీ! ఇంటికి రాయే!"

"...ఇంటికి రాయే..."

నా గొంతే. ఎంత బాగుందో చెప్పలేను. ఎన్నో నెలల తర్వాత నాకు తెలుగులో ఎవరో జవాబు చెప్పినట్టుంది. ఇంకోసారి పిలిచాను. అవసరం లేకపోయినా పిలిచాను.

ఈసారి గొంతు తిరిగి రాలేదు.

సముద్రం హోరు కూడా ఆగింది. సబ్బు వాసన వచ్చింది. బట్టల సబ్బు, మాడిన నూనె, పాత అంట్ల నీళ్ళు... ఆ వాసనలు నా వెనక నుంచి కాదు. గోడ వైపు నుంచి.

"ఎవులూ?"

చాలా మెల్లగా. పక్క గదిలోంచి అడిగినట్టు.

టార్చి గోడ మీదే ఉంది. ఇటుకలు. సున్నం. మనిషి లేదు. భయపడి పారిపోవాల్సింది. కానీ ఆ మాట... అచ్చం మా నాయనమ్మ మాట. మా పల్లెలో గడప దగ్గర ఎవరైనా దగ్గితే లోపలి నుంచి అలాగే అడిగేది. నా నోరు దానంతట అదే పలికింది.

"నేనమ్మా... డాక్టర్ని."

"మాయమ్మ పంపినాదా?"

"...అవును."

నీళ్ళు చిలికిన చప్పుడు.

"ఒక్కర్తివే వచ్చినావా?"

ఆ దేశంలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. బయట సరస్ ఉందనీ, క్లైవ్ ఉన్నాడనీ చెప్పొచ్చు. చెప్పలేదు.

"ఒక్కదాన్నే," అన్నాను.

"నానూ."

టార్చి వెలుగు ఎర్రబడింది. బ్యాటరీ అయిపోతోంది. తట్టాను. ఇంకా తగ్గింది.

"ఉండు. పని అయిపోనాది. సేతులు కడుక్కోని వత్తన్నాను."

టార్చి ఆరిపోయింది.

వెనక్కి తిరిగాను. గోడ పట్టుకున్నాను. సిమెంటు తడిగా ఉంది. ఇందాక పొడిగా ఉన్న గోడ... ఒక్కో అడుగే వేస్తున్నాను. నా వెనక ఇసుకలో ఇంకో అడుగు పడుతోంది. చెప్పుల్లేని అడుగు. నేనాగితే అదీ ఆగింది. నేను నడిస్తే...

నా ఎడమ చెయ్యి ఎవరో పట్టుకున్నారు.

గట్టిగా కాదు. చిన్నపిల్లలు రోడ్డు దాటేటప్పుడు పట్టుకుంటారే, అలా. చల్లని చెయ్యి. వేళ్ళ చివర్లు ముడతలు పడి, మెత్తగా... నీళ్ళలో గంటల తరబడి నానిన వేళ్ళు. రోజూ చేతులు పట్టుకుని నాడి చూసేదాన్ని. నా బొటనవేలు అలవాటుగా ఆ మణికట్టు మీదికి వెళ్ళింది.

నాడి లేదు.

ఎలా పరిగెత్తానో తెలియదు. భుజం గోడకి కొట్టుకుంది. మోకాలు చీరుకుపోయింది. వంపు తిరిగేసరికి ఎదురుగా నోరు, దాని నిండా కొండ మీద మంటల ఎరుపు. ఆ వెలుతురులో పడేదాకా ఆ చెయ్యి నా చేతిలోనే ఉంది. తర్వాత లేదు.

సరస్ నన్ను పట్టుకుని కింద కూర్చోబెట్టింది. క్లైవ్ నీళ్ళు తెచ్చాడు. నా అరచెయ్యి తడిగా ఉంది. సరస్ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. చాలాసేపు అలాగే పెట్టుకుంది.

"పలికిందా?"

"పలికింది అక్కా."

"ఏమంది?"

"పని అయిపోయిందంది. చేతులు కడుక్కుని వస్తానంది."

సరస్ నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. "అమ్మ పిలిస్తే రోజూ అదే అనేది," అంది. "నాకు నీ గొంతొక్కటే వినపడింది."

తిమింగలాన్ని పడగొట్టే రోజు సరస్ పట్టుబట్టి ఒక పోలీసు అధికారిని రప్పించింది. జులూ కుర్రాడు, మర్యాదస్తుడు. కేసు పాతదైనా చివరిదాకా నిలబడ్డాడు. ముందు తోక దగ్గరి ఇటుకల గోడే తీశారు. గోడకీ పాత తలుపుకీ మధ్య మనిషి పట్టేంత చోటు ఉంది. పొడి ఇసుక. ఎముక లేదు. గుడ్డపేలిక లేదు. ఏమీ లేదు. అధికారి సరస్ వైపు తిరిగి, "సారీ ఆంటీ," అన్నాడు.

సరస్ మాత్రం నీరసపడలేదు. ఆమె మొహం వెలిగిపోతోంది.

"లేదు కదా? వచ్చేసిందన్నమాట," అంది నా చెవిలో.

ఆ రోజు నుంచి సరస్ వాళ్ళింట్లో వంటింటి తలుపు గడియ వెయ్యడం మానేసింది. బల్ల మీద ఒక కంచంలో అన్నం, పప్పు పెట్టి మూత పెట్టేది. ఆ వారమంతా వార్డులో కనపడగానే నేను అడిగేదాన్ని. ఆమె తల అడ్డంగా ఊపేది. "రాలేదు. దారి మర్చిపోయుంటుంది. ఊరంతా మారిపోయిందిగా." ఒక్కో రోజూ ఆ మాట ఇంకొంచెం మెల్లగా చెప్పేది.

ఆదివారం పొద్దున్న నేను ఆసుపత్రికి వెళ్ళి, మధ్యాహ్నం క్వార్టర్స్‌కి వచ్చాను. తాళం తీస్తుండగానే లోపల ఫోను మోగుతోంది. మా పెద్దక్క మృదుల, విజయనగరం నుంచి.

"హమ్మయ్య, ఇప్పటికి దొరికావా," అంది. "పొద్దున చేశానే. చెప్పలేదా?"

"ఎవరు చెప్పాలి?"

"అదే, మీ ఇంట్లో ఉన్న పిల్ల. అచ్చం మన నాయనమ్మ మాటే! అంత దూరంలో ఎలా దొరికిందే నీకు? నా ప్రాణం లేచొచ్చిందనుకో. ఇన్నాళ్ళూ ఒక్కదానివే ఉన్నావని నాకు నిద్ర పట్టేది కాదు."

రిసీవర్ రెండు చేతులతో పట్టుకున్నాను. వీధి తలుపు ఇంకా తెరిచే ఉంది. తాళంచెవి దానికే వేలాడుతోంది.

"అక్కా... ఏమంది?"

"నువ్వెప్పుడొస్తావని అడిగితే నవ్విందే. 'ఎక్కడికెలతాది, నా కాడికే గదా రావాల' అంది."