పై రాయి తళవాయిపురంలో ఉంది

పొద్దున్నే కాఫీ తాగి, పెరట్లో మునగాకు దూస్తూ కూర్చుంది పాప్పమ్మాళ్. మనవరాలు యువశ్రీ పక్కనే పీట వేసుకుని ఫోన్‌లో ఏదో చదువుతోంది. మదురైలో చరిత్ర ఎమ్మే చదువుతోంది ఆ పిల్ల. బైబిల్‌లోని మనుషులు ఆ కాలంలో ఏం తిన్నారు, నీళ్లెలా తోడుకున్నారు, ఇల్లెలా కట్టుకున్నారు అని వెతకడమే ఆమె పని. ఆ మాట చెవిన పడితే చాలు, వాళ్ల నాయన రామ్‌కుమార్‌కు ఒళ్లు మండుతుంది.

"అవ్వా, ఒకటి అడిగేదా? ఇద్దరు ఆడోళ్లు ఒకే తిరగలి విసురుతా ఉంటారంట. ఒకరిని తీసుకొని పోతారంట, ఒకరిని విడిచిపెడతారంట. యేసు చెప్పిన మాట ఇది. ఒక రాయి తిప్పేదానికి ఇద్దరు ఎందుకు?"

పాప్పమ్మాళ్ నవ్వింది. "ఒక్కదానివే తిప్పి చూడు, తెలుస్తుంది. భుజం ఊడి చేతికి వస్తుంది. ఎదురెదురుగా కూర్చోవాల పాపా. పిడి మీద ఇద్దరి చేతులూ ఉండాల. నేను నెట్టితే ధనం లాగేది, ధనం నెట్టితే నేను లాగేది."

"ధనం అంటే తళవాయిపురం చిన్నవ్వా?" యువశ్రీ గొంతు తగ్గించింది. ఆ ఇంట్లో ఆ పేరు గట్టిగా అనరు.

ధనం పాప్పమ్మాళ్‌కు తోడికోడలు. ఇద్దరూ ఒకరి వెనక ఒకరు కాపురానికి వచ్చారు. కోడి కూయకముందే లేచి సజ్జలు పోసి తిప్పితే, ఆ గరగరలో అత్తగారి గురించి ఎన్ని చెప్పుకున్నా తిన్నె మీద కూర్చున్న అత్తగారికి వినపడేది కాదు. నవ్వు ఆపుకోలేక రాయి నిలిచిపోయిందా, "ఏమే, చేతులు పడిపోయినాయా?" అని కేక. మళ్లీ గరగర.

తర్వాత అన్నదమ్ములు విడిపోయారు. చేను పంచుకున్నారు, ఎద్దులు పంచుకున్నారు, బిందెలు పంచుకున్నారు. చివరికి తిరగలి మిగిలింది. నాకంటే నాకని ఇద్దరూ పట్టుబట్టారు. కింది రాయి అన్నకు, పై రాయి తమ్ముడికి! అది పంపకమో పంతమో, ఎవరికి తెలుసు! పై రాయి బండెక్కి తళవాయిపురం పోయింది. దానితోపాటే ధనమూ పోయింది. ఆ అన్నదమ్ములిద్దరూ ఇప్పుడు లేరు. ఇళ్ల మధ్య మాటలు మాత్రం మళ్లీ మొదలవలేదు. కింది రాయి మీద పెరట్లో బకెట్టు పెట్టుకుంటున్నారు.

"పుస్తకంలో బొమ్మ చూస్తే నాకు అర్థం కాలేదు అవ్వా. నువ్వూ చిన్నవ్వా విసిరితే చూడాల. పోదామా?"

పాప్పమ్మాళ్ చేతిలో మునగ రెమ్మ అలాగే ఉండిపోయింది. పోదామా అని ఇన్నేళ్లలో ఆమెను ఎవరూ అడగలేదు.

"ఎక్కడికి పోయేది?" మిల్లుకు బయలుదేరుతున్న రామ్‌కుమార్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "ఆ చదువు మనకెందుకని అన్నానా లేదా? రేపు చర్చికి పోతానంటావు, ఇప్పుడు ఆ ఇంటికి పోతానంటావు. మా నాయన పోయినప్పుడు అక్కణ్ణించి ఒక కాకి కూడా రాలేదు."

"మతం మారేదానికి చదవడంలేదు నాయనా, వాళ్లు ఎట్ల బతికినారో తెలుసుకొనేదానికి చదువుతా ఉండా. వాళ్లకు ఒక చట్టం ఉండింది. ఎవరింటి తిరగలి పై రాయినీ తాకట్టుకని ఎత్తుకొని పోకూడదు. పోతే ఆ ఇంటి ప్రాణాన్నే ఎత్తుకొని పోయినట్టు."

"అట్లనా రాసుండేది?" పాప్పమ్మాళ్ ఒళ్లో ఆకు దులుపుకుని లేచింది. "ఎవరు రాసినారో గానీ, వాళ్లింట్లో తిరగలి ఉండింది పాపా."

"అమ్మా, నువ్వుకూడానా?"

"రామూ, ఆ రాయి పంచింది మొగోళ్లు. నన్నూ ధనాన్నీ ఎవరైనా అడిగినారా? నిన్ను కన్నాక నేను జ్వరంతో పడి ఉంటే, తన బిడ్డతోపాటు నీకూ పాలిచ్చింది అది. ఈ ఇంట్లో ఆ మాట నీకు ఎవరూ చెప్పలేదులే. నేనూ చెప్పలేకపోయినాను." కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "నేను పోతా ఉండా. నువ్వు రాకపోయినా సరి."

అవ్వా మనవరాలూ బస్సెక్కారు.

తళవాయిపురంలో ధనం తిన్నె మీద చిక్కుడు గింజలు ఒలుస్తోంది. పళ్లు లేవు, చూపూ అంతంతమాత్రమే. "ఎవరది?" అంది. పాప్పమ్మాళ్ గొంతు వినగానే చేతిలో చేట పక్కన పెట్టింది. "దోవ తెలిసిందా పాప్పక్కా నీకు?"

"నీకు మాత్రం తెలియలేదా?"

ఆ తర్వాత ఇద్దరికీ ముక్కు చీదుకోవడమే సరిపోయింది.

యువశ్రీ పుస్తకంలోని మాట చెప్పి రాయి సంగతి అడగ్గానే ధనం వంటింటి మూల కప్పి ఉంచిన గోనెసంచి తీసింది. రాయి మీద దుమ్ము లేదు. దానికి నున్నటి కొత్త పిడి!

"పాతది చెదలు తినింది. వడ్రంగి అళగిరి చేత ఇది కొట్టించినాను."

"సగం తిరగలికి పిడి ఎందుకే?"

"చెయ్యి పెట్టుకొనేదానికి," అంది ధనం.

పాప్పమ్మాళ్ ఆ పిడి పట్టుకుని వదల్లేకపోయింది.

ఇంతలో వాకిట్లో షేర్ ఆటో ఆగింది. డ్రైవరూ రామ్‌కుమారూ ఆయాసపడుతూ కింది రాయి దించారు. చొక్కా నిండా మట్టి. మిల్లుకు పోలేదు.

"ఎక్కడ పెట్టేది చిన్నమ్మా?" అన్నాడు తలెత్తకుండా.

ధనం అతని చెంప తడిమింది. "మీ నాయన ముక్కే. మీ నాయన పంతమే. దా, లోపల పెట్టు. అన్నం తినే పోవాల."

సజ్జలు పోశారు. మొదట రాయి మొరాయించింది. తర్వాత గరగరమంది. యువశ్రీ ఫోన్ ఎత్తి పట్టుకుంది. కాసేపటికి ఒళ్లో పెట్టేసుకుని ఉత్త కళ్లతో చూస్తూ కూర్చుంది.

"ఆ పుస్తకంలో ఒకరిని తీసుకొని పోతారంటివే, ఎవరినని చెప్పినారా?" అడిగింది ధనం.

"లేదు చిన్నవ్వా."

ధనం గుప్పెడు సజ్జలు రాయి నోట్లో పోసింది. "అట్లయితే మెల్లగా తిప్పక్కా. తొందర ఏమీ లేదు."

పాప్పమ్మాళ్ నెట్టింది. ధనం లాగింది.