మెట్ల మీద మనిషి

తప్పులు పట్టడం నా ఉద్యోగం. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. "అన్నంలో రాయి దొరక్కపోతే మీకు ముద్ద దిగదు" అని మా ఆవిడ దేవి దెప్పుతూ ఉండేది.

ఆదివారాలు కూడా ఆ బుద్ధి ఊరుకోదు. సికింద్రాబాద్‌లో ఓ ఫొటో ల్యాబ్ మేడ మీద మా క్లబ్బు కలుస్తుంది. పాత భవంతుల ఫొటోలు తెచ్చి పెట్టెలో వేస్తాం, ఒకరివి ఒకరం విమర్శించుకుంటాం. ఫొటో మీద పేరు ఉండకూడదు. అందరూ మాట్లాడేదాకా అది తీసినవాళ్ళు నోరు విప్పకూడదు. తప్పు ఒక్కటే చెబితే చాలదు, ఎలా దిద్దాలో కూడా చెప్పాలి. రైల్వేలో రిటైరైన భద్రయ్యగారు పెట్టిన నియమాలివి. దిద్దడంలో నన్ను మించినవాడు లేడని నాకు కాస్త పొగరు.

రెండువేల నాలుగు మే మొదటి ఆదివారం, సాయంత్రం నాలుగింటికి, ఆయన పెట్టెలోంచి ఓ నలుపు తెలుపు ఫొటో తీసి బోర్డుకి గుచ్చారు. రెండంతస్తుల పాత ఇల్లు. రాతి మెట్లు. తలుపు బార్లా తెరిచి ఉంది, లోపలంతా చీకటి. గదిలో తడిసిన సున్నం వాసన వచ్చింది.

"గోడలు పక్కకి ఒరిగాయి, కెమెరా నిటారుగా పట్టుకోవాలి," అన్నాను. "పైగా ప్రాణం లేదు. ఆ మెట్ల మీద ఓ ఆడమనిషిని నిలబెడితే ఇల్లెంత పెద్దదో తెలుస్తుంది."

చివర్లో ఎవరిదని అడిగితే ఎవరూ పలకలేదు.

"గీ ఇల్లు బోయిగూడలది. కూలగొట్టి నాలుగేండ్లాయె," అన్నారు భద్రయ్యగారు. "ఎవరో పాత నెగటివ్ కడిగించినట్టున్నరు."

మరుసటి ఆదివారం అదే ఇల్లు మళ్ళీ వచ్చింది. గోడలు నిటారుగా ఉన్నాయి. మెట్ల మీద ఒకావిడ, మనకి వీపు పెట్టి. కంప్యూటర్లో అతికించారనుకున్నాం. నా మాట విన్నందుకు మురిసిపోయాను.

"మొహం కనపడాలి. ఇటు తిప్పండి," అన్నాను.

మూడో ఆదివారం ఆమె తిరిగింది.

దేవి.

యాప్రాల్‌లో మా ఇంట్లో పడుకుని ఉండాల్సిన మనిషి... ఆ మెట్ల మీద నిలబడి నావైపే చూస్తోంది. వెంటనే ఇంటికి ఫోన్ చేశాను. చాలాసేపటికి తీసింది.

"నిద్దరోతన్నానండీ," అంది గుసగుసగా. "రెండు వారాలై కునుకు పడితే చాలు, ఏటో పాత ఇల్లు. ఎనకనించి ఎవరో... ఇటు తిరగమ్మా, మీ ఆయనకి మొగం కనపడాలంట, అంటన్నారు."

"ఎవరు?"

"పాతకాలం ఫొటోలోళ్ళ లాగ నల్లగుడ్డ కప్పుకున్నారండీ. తెలీదు."

ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని బోర్డు వైపు తిరిగి అరిచాను. "ఈమె వద్దు! తీసెయ్యండి!"

"ఏందీ రాజు, నువ్వే కదా నిలబెట్టమన్నవ్. జెర కూసో," అన్నారు భద్రయ్యగారు.

ఫోన్లో దేవి ఊపిరి చప్పుడు ఆగిపోయింది. లైను మాత్రం కట్ కాలేదు...

ఆటోలో ఇంటికి వెళ్ళేసరికి తలుపుకి లోపల గడియ పెట్టి ఉంది. ఇరుగుపొరుగుతో కలిసి పగలగొట్టాం. దుప్పటి ఇంకా వెచ్చగానే ఉంది. దేవి లేదు. పోలీసులకి చెప్పాను. దేవి అన్న పైడిబాబు విజయనగరం నుంచి వచ్చి కాప్రా చెరువు గట్టంతా వెతికాడు. తీసెయ్యమన్నది నేనేనని అతనికి ఎలా చెప్పను?

నిన్న నాలుగో ఆదివారం. అందరికంటే ముందే వెళ్ళి కూర్చున్నాను. ఫొటో వచ్చింది. మెట్ల మీద ఎవరూ లేరు. పై మెట్టు మీద ఒక జత చెప్పులు, ఇంట్లోకి వెళ్ళేవాళ్ళు విడిచినట్టు. దేవివే. ఎడమ చెప్పు పట్టీ నేనే కుట్టించాను.

"ఎవరన్నా చెప్తరా?" అన్నారు భద్రయ్యగారు, నావైపు చూడకుండా.

ఆమెని బయటికి పంపమందామనుకున్నాను. ఆ మాటని ఎలా దిద్దుతారో... భయమేసింది. ఇక తప్పు చెప్పే ధైర్యం నాకు లేదు. దేవిని అక్కడ ఒంటరిగా వదిలేసే ధైర్యం అసలే లేదు. మెల్లగా లేచాను.

"ఒక్క జతే ఉంటే బాగాలేదు," అన్నాను. "పక్కన మగవాడి చెప్పులు కూడా ఉండాలి."

వెనక వరసలో, ఎవరూ కూర్చోని కుర్చీ దగ్గర, కాగితం మీద పెన్సిల్‌తో రాసుకుంటున్న చప్పుడు వినిపించింది.