నాలుగో కేబుల్

“ఒక పెట్టెకు ఒక తోక చాలదా? నాలుగు ఏమిటికే?” నాగరాజన్ కూతుర్ని అరగంటగా ఇదే అడుగుతున్నాడు. ఆయన గిన్నెలో సాంబారు ఎప్పుడో చల్లారిపోయింది.

భోజనాల బల్ల మీద నాలుగు కేబుళ్లు చుట్టలు చుట్టుకుని పడుకున్నాయి. సూలూరు మిల్లుకు ఇంట్లోంచే చీరల డిజైన్లు గీసే కృత్తిక, కొత్త మానిటర్ కోసం ఈ నెలలో కొన్నవి.

“అన్నీ ఒకటి కాదు నైనా. ఈ నీలం మూతిది వీజీఏ. పాతది. బొమ్మ వస్తుంది, గొంతు రాదు.”

“మీ తాత మాదిరి,” అంది అవ్వ జానకమ్మాళ్, టీవీ మీంచి తల తిప్పకుండానే.

“ఈ తెల్లది డీవీఐ. బొమ్మ ఇంకా తేట, గొంతు మాత్రం లేదు. ఇది హెచ్‌డీఎంఐ. టీవీకైనా సరే, బొమ్మా గొంతూ కలిసే వస్తాయి.”

“మీ అమ్మ మాదిరి.”

వంటింట్లో అమ్మ తంగం గరిటె ఠంగుమంది.

“నాలుగోది?”

“డిస్‌ప్లేపోర్ట్. నా మానిటర్‌కి ఇదే సరి. మన టీవీకి ఎక్కదు. దీనికి కొక్కెం ఉండాది, ఒత్తితేగాని ఊడదు.”

“అయితే మొదటే ఇది కొనేది కదా?”

కృత్తిక దగ్గర జవాబు ఉంది. చెప్పేది కాదు.

ఆ జవాబు పేరు జీవా. బస్టాండు వెనక కంప్యూటర్ కొట్టు అతనిది. మొదటి రోజు వీజీఏ అడిగితే, “అందులో మీ చీర అంచు గీతలన్నీ మసకగా కనిపిస్తాయండీ” అన్నాడు తమిళంలో. నాకు తెలీదా అని తమిళంలోనే పోట్లాడి కొనుక్కొచ్చింది. మసకగానే కనిపించాయి. మళ్లీ వెళ్లింది. మళ్లీ వెళ్లింది. నాలుగోసారి వాన. కొట్టు చూరు కింద ఇద్దరూ గంటసేపు కేబుళ్ల గురించే మాట్లాడుకున్నారు. కేబుళ్ల గురించి గంటసేపు ఎవరు మాట్లాడతారు?

కానీ అంతా తమిళమే. ఊరంతా తమిళమైనా తమ ఇంట్లో మాత్రం తెలుగే. నైనా ఏమో, ఇంట్లో తమిళమే మాట్లాడతారని దిండిగల్ సంబంధాన్ని కాఫీ కూడా తాగకుండా తిప్పి పంపిన మనిషి.

“నా కూతుర్ని ఏమార్చి నాలుగు అంటగట్టినాడు. వాణ్ణే పిలుస్తా,” అంటూ నాగరాజన్ కేబుళ్లు తెచ్చిన కొట్టు సంచి మీది నంబరుకు ఫోన్ చేశాడు.

ఇరవై నిమిషాల్లో జీవా హెల్మెట్ చేత్తో పట్టుకుని వచ్చాడు.

“వాంగ తంబి, ఉక్కారుంగ,” అని నాగరాజన్ తమిళంలో మర్యాదగా కూర్చోబెట్టి, వంటింట్లోని భార్య వైపు తిరిగి తెలుగులో అన్నాడు: “మొగం చూడు, ఏమీ తెలీనట్ల. ఇట్లాంటోళ్లే మోసం చేసేది.”

“మోసమో ఏమో, మూతి బాగుండాది,” అంది జానకమ్మాళ్. “మన పిల్లకి ఇట్లాంటోడు దొరికితే చాలు. ఏం లాభం, మనోడు కాడే!”

“అత్తా, మెల్లగా!”

“వాడికేం తెలుస్తుందే?”

ఫ్యాను ఊడి నెత్తిన పడినా బాగుండుననుకుంది కృత్తిక. జీవా చెవులు ఎర్రబడ్డాయి. నాలుగో కేబుల్ తీసి మానిటర్‌కి గుచ్చాడు. టిక్కుమంది. చీర అంచులో ప్రతి పోగూ విడివిడిగా కనిపించింది.

“మరి తక్కిన మూడూ ఎందుకు అమ్మినావు?” అని నాగరాజన్ తమిళంలో నిలదీశాడు.

“మొదటి రోజే ఇది తీసుకోమన్నాను మామా,” అన్నాడు జీవా, అచ్చమైన ఇంటి తెలుగులో. “ఆమె వినలేదు. తర్వాత నేనూ గట్టిగా చెప్పలేదు. చెప్పుంటే మళ్లీ రాదు కదా.”

జానకమ్మాళ్ ఆ రోజు మొదటిసారి టీవీ మీంచి తల తిప్పింది.

“ఏ ఊరు నాయనా మీది?”

“ఉడుమలైపేట పక్కన, అవ్వా. ఇంట్లో మాదీ ఇదే మాట.”

“అంతా విన్నావా?”

“మూతి దాకా విన్నాను.”

అవ్వ పడీపడీ నవ్వింది. నాగరాజన్ మొహం మెల్లగా విప్పారింది. “మనోళ్లేనా! ఇన్నాళ్లూ తమిళంలో ఏమిటికయ్యా?”

“ఆమె తమిళంలో తిట్టింది మామా. నేను తమిళంలోనే పడినాను.”

“మనోళ్లయితే ఇంకేం, మాట్లాడదాం...”

“నైనా,” అంది కృత్తిక.

తంగం గరిటెతోనే వంటింటి గుమ్మంలోకి వచ్చింది. అవ్వ రిమోట్ వెతికి టీవీ గొంతు నొక్కేసింది. కృత్తిక మిగిలిన మూడు కేబుళ్లనూ సంచిలో పెట్టి జీవా చేతికిచ్చింది.

“మన మాట వచ్చినందుకు కాదు,” అంది, మెల్లగా. “వాన రోజే అనుకున్నాను, తమిళంలోనే. చేసుకుంటే ఈయన్నే.”