ఎడమకి దూకమన్న గొంతు

మా పెద్దక్క వాళ్ల మేడమీద గదికి మంచి పేరు లేదు. అంతకుముందు అందులో అద్దెకున్న దర్జీ, కుట్టుమిషను నెత్తిన పెట్టుకుని రాత్రికి రాత్రే దిగిపోయాడట. "గదిలో నేను కాక ఇంకెవరో ఊపిరి పీలుస్తున్నారు" అన్నాడట. ఆ తర్వాత అందులోకి పాత కుర్చీలు తప్ప ఎవరూ చేరలేదు.

అలాంటి గదిలోకి మా పెద్దబావ ఒంటరిగా వెళ్లాడు. ధైర్యం ఉండి కాదు... పరువు కోసం.

సంగతేమిటంటే, చిన్నక్క మొగుడు, అంటే మా చిన్నబావ దగ్గర చేత్తో పట్టుకుని ఆడే వీడియో గేమ్ ఒకటుంది. అందులో చివరికొచ్చే మూడుతలల రాక్షసుణ్ణి చంపానని ఏడాదిగా కనపడినవాళ్లకల్లా చెప్పుకుంటున్నాడు. తోడల్లుళ్ల సంగతి తెలుసుగా! పెద్దబావ పట్టుబట్టి ఆ గేమ్ అడిగి తెచ్చుకున్నాడు.

"చంపానని నోటితో చెబితే కాదన్నయ్యా, వీడియో కావాలి. పొద్దున్నే వచ్చి గేమ్ పట్టుకెళ్లిపోతా" అన్నాడు చిన్నబావ.

అంటే మిగిలింది ఆ ఒక్క రాత్రి.

కింద పిల్లల గోల పడలేక పెద్దబావ మేడెక్కాడు. బొమ్మ ఒక తీగలోంచి, శబ్దం ఇంకో తీగలోంచి లాప్‌టాప్‌లోకి వెళ్లేలా కలిపాడు. రెండో తీగ గుచ్చగానే గేమ్ మూగబోయింది. శబ్దమంతా లోపలికి పోతోందని మురిసిపోయాడు పిచ్చిమారాజు.

ఆడాడు... ఓడాడు... మళ్లీ ఆడాడు. ఆటలో పడితే మా బావకి ఇల్లు అంటుకున్నా తెలీదు. చివరికి — రాక్షసుడు కూలాడు!

గర్వంగా ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వీడియో మొదలుపెట్టాడు.

సంగీతం లేదు. కత్తుల చప్పుడు లేదు. ఫ్యాను హోరు... ఆ హోరు వెనక — ఎవరో ఊపిరి పీలుస్తున్నారు.

ఆ తర్వాత ఒక బొంగురు గొంతు... "వద్దు... వద్దు తల్లీ... దండం పెడతా, వదిలెయ్..."

బావ వెనక్కి తిరిగి గదంతా చూశాడు. వీడియో ఇంకా నడుస్తూనే ఉంది. చివర్లో ఇంకో గొంతు. ఆడగొంతు. గుసగుసగా...

"ఎడమకి... ఎడమకి దూకండి..."

మెట్లు దిగాడో దొర్లాడో ఆయనకే తెలీదు. లాప్‌టాప్ మాత్రం చంకలో ఉంది, తీగలకి వేలాడుతూ గేమ్ కూడా.

హాల్లో బట్టలు మడతపెడుతున్న పెద్దక్క ఇయర్‌ఫోన్లు తీసుకుని వింది. ఆఫీసులో రోజంతా హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఫోన్లు మాట్లాడే మనిషి, అంత తొందరగా బెదరదు.

"ఆ బొంగురు గొంతు మీదే" అంది.

"నాదా? నేనంత దీనంగా ఏడుస్తానా?"

"ఆడేటప్పుడు ఎప్పుడూ అంతేగా! తీగ గుచ్చితే చాలదండీ, శబ్దం ఎక్కణ్ణుంచి తీసుకోవాలో దీనికి చెప్పాలి. మీరు చెప్పలేదు. ఇది తన మైకుతో గదిలో ఉన్నదంతా వింది" అంటూ లాప్‌టాప్‌లో మైకు బదులు తీగని ఎంచుకుంది. గేమ్ సంగీతం ఇయర్‌ఫోన్లలో దడదడలాడింది.

"మరి... ఆ ఆడగొంతు?" అన్నాడు బావ, వినపడీ వినపడకుండా.

అక్క ముఖం పక్కకి తిప్పుకుంది. "ఏమో మరి... ఆ గదికి ముందునుంచీ పేరు బాగాలేదుగా."

తెల్లారేదాకా హాల్లోనే కూర్చుని ఆడాడు బావ. శబ్దం అద్దంలా వచ్చింది. అక్క హాయిగా నిద్రపోయింది. రాక్షసుడు మాత్రం చావలేదు.

పొద్దున్నే చిన్నబావ, చిన్నక్క వచ్చారు. వాళ్లతో నేనూ వెళ్లాను. పెద్దబావ చేతిలో ఉన్నది ఒకటే గెలుపు, దాని నిండా తన ఏడుపు. చూపిస్తే నవ్వులపాలు, చూపించకపోతే ఓటమి. పాపం, ఆయన ముఖం చూస్తే నాకే జాలేసింది. కళ్లు మూసుకుని వీడియో పెట్టేశాడు.

బావ "వద్దు తల్లీ" అన్న ప్రతిసారీ చిన్నబావ తొడ కొట్టుకుని నవ్వాడు. కళ్లెంట నీళ్లొచ్చేలా నవ్వాడు. అంతలో...

"ఎడమకి... ఎడమకి దూకండి..."

తెర మీద బొమ్మ ఎడమకి దూకింది. రాక్షసుడు కూలాడు.

చిన్నబావ నవ్వు టక్కున ఆగిపోయింది. ముఖం పాలిపోయింది. మెల్లగా పెద్దబావ పక్కకి జరిగి, ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"అన్నయ్యా... ఈ గొంతు... నేను గెలిచిన రాత్రి మా ఇంట్లో కూడా వినపడింది."

వంటింట్లో ఏదో గిన్నె దభీమని పడింది. నేను పరుగున వెళ్లి తొంగిచూశాను. మా అక్కలిద్దరూ ఒకరి నోరు ఒకరు మూసుకుని, నవ్వు ఆపుకోలేక నేల మీద కూలబడి ఉన్నారు.