సలోరాని ముంచిందెవరు?

బంగారుపేట జంక్షన్ ఓవర్‌బ్రిడ్జి మెట్ల మీద, పొద్దున ఏడూ ఇరవైకి, ఏజెంట్ పురుషోత్తమ్ చనిపోయాడు.

బెంగళూరు రైలు ప్లాట్‌ఫారం మీదికి వస్తోంది. డ్యూటీలకి పరిగెత్తే జనం మెట్లు విరిగేలా దిగుతున్నారు. అతను మెడ వెనక చెయ్యి పెట్టుకుని కూర్చుండిపోయాడు. తర్వాత మెల్లగా పక్కకి ఒరిగాడు. పొద్దున్నే తాగొచ్చాడనుకున్నారందరూ. టిఫిన్ క్యారియర్లు అతని తల మీదుగా దాటిపోయాయి. ఒకాయన చెప్పుకాలితో అతని కాలిని నెట్టి దారి చేసుకున్నాడు. రైలు వెళ్ళిపోయాక ఊడ్చే మనిషి చీపురు కట్టతో తట్టి చూసేసరికి ఒళ్ళు చల్లబడింది. మెడ మీద దోమకాటంత ఎర్రమచ్చ.

పదిన్నరకి ఇంకో ఏజెంట్ మునీంద్ర బెంగళూరులో ఉన్నాడు. బయట పళ్ళ డాక్టరు బోర్డు, లోపల గూఢచారి డిపార్ట్‌మెంట్ ఆఫీసు. బల్ల వెనక డిప్యూటీ డైరెక్టర్ ఆదిలక్ష్మమ్మ.

"కూర్చో. పురుషోత్తమ్ నీ స్నేహితుడని తెలుసు. ఏడుపు తర్వాత. సలోరా గురించి ఏం తెలుసు?"

"సముద్రం మధ్య చిన్న దేశం మేడమ్. పోయినేడు దివాలా తీసింది."

"పెట్రోలు లేదు. ఆపరేషన్లకి మత్తుమందు లేదు. ఇప్పుడు నాలుగు దేశాలు కలిసి బెయిలౌట్ ఇస్తామంటున్నాయి. దానికి ముందు కమిషన్ వేశాయి. కమిషన్ ముందు ఒకటే ప్రశ్న. ఈ అప్పుకి బాధ్యులెవరు?"

"ఎవరైతే మనకేం మేడమ్?"

"అప్పులిచ్చినవాళ్ళు అన్నీ తెలిసే ఇచ్చారని తేలితే వాళ్ళ బాకీ సగం కొట్టేస్తారు. మిగిలిన డబ్బుతో ఆ దేశం మందులు కొనుక్కుంటుంది. అలా కాక, ఎవడో ఒక్కడు దొంగలెక్కలు రాసి లోకాన్ని మోసం చేశాడని తేలితే ప్రతి పైసా కట్టాలి. బెయిలౌట్ మొత్తం అప్పులవాళ్ళ జేబులోకే పోతుంది. మునిగిపోయే దేశాల బాండ్లు, అంటే అప్పు పత్రాలు, రూపాయికి పావలా చొప్పున కొనే ఫండ్ ఒకటుంది. దాని కోసం పనిచేసే ముఠాకి మనం పెట్టుకున్న పేరు నీటికాకి. ఆ ఒక్కడెవరో వాళ్ళు ఎప్పుడో ఎంచుకున్నారు."

ఫొటో ముందుకు తోసింది. చెవికి మిషన్ పెట్టుకున్న బక్క మనిషి. జోసఫ్ అరులన్, సలోరా మాజీ ఆర్థిక కార్యదర్శి. ఎనిమిది నెలలుగా కోలార్ బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో, ఛాంపియన్ రీఫ్ దగ్గర పాత గనికూలీల లైన్లలో, ఆస్టిన్ మాస్టరు అన్న పేరుతో దాక్కున్నాడు. కాపలా పురుషోత్తమ్‌ది.

"రేపు పదకొండుకి ఆ ఇంట్లోంచే కమిషన్‌కి శాటిలైట్ లింక్‌లో సాక్ష్యం చెప్తాడు. అంతవరకు బతికుండాలి."

"ఆ తర్వాత?"

ఆదిలక్ష్మమ్మ మొదటి ఫొటో వెనక్కి తీసుకుంది. రెండో ఫొటో తీసింది. నల్లకళ్ళద్దాలు, ముత్యాల రంగు పట్టుచీర, ఎవరినీ లెక్కచెయ్యని నవ్వు.

"ప్రిన్సీ. నీటికాకిలో మన మనిషి. పురుషోత్తమ్ ఇవాళ ఆమెని కలవడానికే వెళ్ళాడు. రెండు చోట్లా జీతం తీసుకుంటోంది. ఏ జీతం ఎక్కువో కనుక్కో."

మునీంద్ర ఆ ఫొటో వంక ఎక్కువసేపు చూడలేదు. అవసరం లేదు. అతని తాత చిత్తూరు వైపు పల్లె నుంచి గనిలో పనికొచ్చినవాడు. ప్రిన్సీ నాన్న అదే గనిలో రాయి పగలగొట్టినవాడు. రాబర్ట్‌సన్‌పేటలో పదో తరగతి దాకా ఇద్దరూ ఒకే బెంచీ.

గది దాటేముందు కాలరు కింద పెట్టుకునే మైకు, పిస్టలు, దగ్గుబిళ్ళల డబ్బా ఇచ్చారు. డబ్బా అడుగు తిప్పితే ఐదువందల గజాల్లో ఏ సిగ్నలూ బతకదు.

మర్నాడు పదింటికి కరెంటు మీటర్ రీడర్ వేషంలో మునీంద్ర ఆ లైన్లకి చేరాడు. రేకు కప్పు, వెదురుతడికల ఇళ్ళ వరస. వెనకాల సైనైడ్ దిబ్బ. బంగారం తీసేశాక మిగిలిన పిండిరాయిని వందేళ్ళు పోస్తే లేచిన తెల్లటి గుట్ట. గడ్డిపరక కూడా మొలవదు. గాలి వీస్తే ఆ పిండి అన్నంలో కూడా పడుతుంది.

ఇంటావిడ ఎస్తరమ్మ గుమ్మంలో రాగులు చెరుగుతోంది.

"ఎవురప్పా?"

"మీటర్ చూడాల. పోయిన నెల బిల్లు తప్పు పడిందంట." అది కోడ్ వాక్యం.

"తప్పు ఎవురిదైనా కట్టేది మేమే కదప్పా." అది జవాబు. పురుషోత్తమ్ నేర్పించాడు. ఆమె మాత్రం దాన్ని కోడ్‌లా అనలేదు.

లోపల ఆస్టిన్ మాస్టరు ఇస్త్రీ చొక్కా వేసుకుని కెమెరా ముందు కూర్చున్నాడు. మునీంద్రని చూసి నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు.

"సార్, నేను బయటే ఉంటాను. నిజం చెప్పండి చాలు."

మాస్టరు చెవి మిషన్ సర్దుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సరిగ్గా పదకొండుకి లింక్ కలిసింది. మునీంద్ర బయట మీటరు ముందు నిలబడి ఇయర్‌పీస్‌లో వింటున్నాడు. కమిషన్ అధ్యక్షుడు ప్రమాణం చేయించాడు. మాస్టరు ఇంగ్లిషులో మొదలుపెట్టాడు. మాటకీ మాటకీ మధ్య ఒక క్షణం ఖాళీ. ఎవరో చెప్తుంటే విని అప్పజెప్పినట్టుంది.

"ఎస్తరమ్మా, మాస్టరు ఎప్పుడూ ఇట్లానే మాట్లాడతాడా?"

"లేదప్పా. నిన్న సాయంత్రం చెవి మిషన్ బాగు చేసిచ్చినప్పటి నుంచీ ఇట్లా ఉండాడు. తిండి కూడా ముట్టలేదు."

"ఎవరు బాగు చేసింది?"

"మన లైన్ల పిల్లేలేప్పా, ప్రిన్సీ. చర్చి తరఫున ఫ్రీ క్యాంపు అని వచ్చినాది. ఇంత పెద్దదైపోయినా నన్ను మర్చిపోలేదు, కాళ్ళకి మొక్కినాది."

అయితే ఆ మిషన్‌లోంచి మాస్టరు చెవిలో మాటలు చెప్తున్నది ప్రిన్సీ. డబ్బా తిప్పితే ఆ గొంతు ఆగుతుంది. దాంతోపాటు సాక్ష్యమూ ఆగుతుంది. కమిషన్‌కి ఇవాళే ఆఖరు రోజు. చిన్న ట్రాన్స్‌మిటర్ అయ్యుండాలి, దగ్గర్లోనే, ఇల్లు కనిపించేచోట. తలెత్తాడు. ఆ మండుటెండలో దిబ్బ నెత్తిన ఒక గొడుగు.

పరిగెత్తాడు. కాలు మోకాలిదాకా పిండిలో దిగబడుతోంది. చెవిలో మాస్టరు గొంతు వణుకుతూ సాగుతోంది. "మంత్రికి తెలియదు. బ్యాంకులకి తెలియదు..."

ప్రిన్సీ గొడుగు కింద మడత కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్ళో సంచి, చేతిలో సబ్బుబిళ్ళంత మైకు. దాన్ని అరచేత్తో మూసి పలకరించింది.

"రా మునీ. ఈ మాత్రం దిబ్బకే ఎగపోస్తా ఉండావే."

"మైకు కింద పెట్టు."

"పెడతాను. ఇంగ నాలుగు మాటలే ఉండాయి."

"పురుషోత్తమ్‌ని నువ్వే చంపినావా?"

"నా మీద అనుమానం వచ్చినాది ఆయనకి. మంచోడే. ఏం చేసేది?" గడియారం చూసుకుంది. "కాలిస్తే కాల్చు. మాస్టరు కూతురు లీనా మావాళ్ళ దగ్గర ఉండాది. నర్సింగ్ చదివే పిల్ల. పదకొండుంబావుకి నాకి ఫోన్ వస్తాది. ఒక మాట అడుగుతారు. నేను దానికి సరైన మాట చెప్పినానా, పిల్ల ఇంటికి పోతాది. చెప్పకపోతే లేదు."

"ఆ మాటేమిటో చెప్పు."

"మాస్టరు అంతా ఒప్పుకున్నాక." మైకు నోటి దగ్గర పెట్టుకుని ఒక వాక్యం ఇంగ్లిషులో మెత్తగా చెప్పి, మళ్ళీ మూసింది. "నన్నట్లా చూడొద్దు. గని మూసినప్పుడు ఏమన్నారు? కూలోళ్ళు తినేసినారన్నారు. మా నాయన రొమ్ములో రాతిపిండి పేరుకోని, ఊపిరాడక సచ్చిపాయ. మాకి యాడిది బెయిలౌట్? యాడైనా ఇంతే మునీ. అందరూ తింటారు, ఒగణ్ణి పట్టుకోని నువ్వే అంటారు. ఆ ఒగడు కూలోడైతే ఏమి, మాస్టరైతే ఏమి?"

మునీంద్ర కాలరు మైకులో గుసగుసలాడాడు. "మేడమ్, సాక్షి కూతురు వాళ్ళ చేతిలో ఉంది."

ఆదిలక్ష్మమ్మ గొంతు స్పష్టంగా వినిపించింది. "ఈ ఆపరేషన్‌లో కూతురు లేదు మునీంద్రా."

చెవిలో మాస్టరు ఏడుస్తున్నాడు. "...కనుక సలోరా అప్పులన్నిటికీ బాధ్యుణ్ణి నేను... నేనొక్క..."

మునీంద్ర కాల్చాడు.

గొడుగు ఎగిరి దిబ్బ అవతల పడింది. ప్రిన్సీ కుర్చీతో సహా వెనక్కి ఒరిగి, తెల్లపిండిలో రెండు మూరలు జారి ఆగింది. అతని వంక ఆశ్చర్యంగా చూసింది. "నిజంగానే కాల్చినావే" అన్నట్టు పెదవులు కదిలాయి. చచ్చిపోయింది.

మునీంద్ర మైకు తీసుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. తన జన్మలో అంత నమ్మకంగా ఎప్పుడూ మాట్లాడలేదు.

"సార్, నేను మునీంద్రని. లీనా మా దగ్గరే ఉంది. క్షేమంగా ఉంది. ఇప్పుడు మీ మాట మీరు చెప్పండి."

చెవిలో ఒక పెద్ద నిట్టూర్పు. ఎనిమిది నెలల నుంచి బిగబట్టిన ఊపిరిలా ఉంది.

"అయ్యా, ఇంతవరకు చెప్పింది కొట్టేయండి," అన్నాడు మాస్టరు. వణుకు పోయింది. "దొంగలెక్కలు రాసింది నేనే. రాయమన్నది మా మంత్రి. ఎలా రాయాలో నేర్పించింది అప్పులిచ్చిన బ్యాంకులు పంపిన నిపుణుడు. అతని జీతం కూడా మా అప్పులోనే కలిపారు. మాకు మంచి మార్కులేసిన రేటింగ్ సంస్థ ఫీజు తీసుకుని కళ్ళు మూసుకుంది. ఓడలు రాని రేవుకి రిబ్బన్ కత్తిరిస్తే మా జనం టపాకాయలు కాల్చారు. పన్ను ఎత్తేస్తానన్నవాడికే ఓట్లేశారు. నేనూ వేశాను. కాగితాలన్నీ నా దగ్గరున్నాయి. ఒక్కొక్కటే చూపిస్తాను."

మునీంద్ర ఆ పిండిలో మోకాళ్ళ మీద కూర్చుని సంచి గుమ్మరించాడు. లిప్‌స్టిక్, సూది బిగించిన పెన్ను, జపమాల, రైలు టిక్కెట్టు. కోడ్ రాసుకున్న కాగితం ఎక్కడా లేదు. ఆమె అలాంటివి రాసుకునే రకం కాదు.

పదకొండూ పదిహేను. ఫోను మోగింది.

"వాతావరణం ఎలా ఉంది?" ఇంగ్లిషులో ఒక మగగొంతు. మర్యాదస్తుడి గొంతు. దాని వెనకాల ఎక్కడో ఒక ఆడపిల్ల ఏదో అడుగుతోంది.

"ప్రిన్సీకి గొంతు పోయింది. నన్ను మాట్లాడమంది," అన్నాడు మునీంద్ర.

"వాతావరణం ఎలా ఉందండీ?"

ఎండగా ఉందనాలా? మబ్బుగా ఉందనాలా? చుట్టూ చూశాడు. తెల్లటి దుమ్ము, దూరంగా తుప్పుపట్టిన గని చక్రం.

"దుమ్ముగా ఉంది," అన్నాడు.

"థాంక్యూ," అని ఆ మనిషి ఫోను పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఆ నంబరు లేదంది.

చెవిలో మాస్టరు గొంతు ఇప్పుడు పాఠం చెప్తున్నంత హుషారుగా ఉంది. చివరి కాగితం తీశాడు. "ఇంకొక్క మాట. రేవు రెండో విడతకి అప్పిచ్చింది మా పొరుగు దేశపు బ్యాంకు. వాళ్ళకీ అంతా తెలుసు. ఆ ఫైలు మీద సంతకం చేసింది..."

"కట్ చెయ్," అంది ఆదిలక్ష్మమ్మ.

"మేడమ్, ఆ పొరుగు దేశం..."

"మనమే. కట్ చెయ్."

మునీంద్ర డబ్బా అడుగు తిప్పాడు.

దిబ్బ దిగి ఇంటికి వచ్చేసరికి మాస్టరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పదేళ్ళు తగ్గినట్టున్నాడు. "ఆఖర్లో లింక్ పోయిందయ్యా. పర్లేదు, ముఖ్యమైందంతా చెప్పేశాను. లీనాతో ఒకసారి మాట్లాడించవా?"

"బయల్దేరింది సార్. దారిలో సిగ్నల్ ఉండదు."

"వచ్చేసరికి ఏదైనా వండాలి. చేపలంటే ఇష్టం దానికి," అంటూ మాస్టరు సంచీ వెతుక్కోవడానికి లోపలికి పోయాడు.

ఎస్తరమ్మ చేట పక్కన పెట్టింది. మునీంద్ర మోకాళ్ళకి అంటిన తెల్లపిండినీ, చొక్కా అంచున ఉన్న ఎర్రచుక్కనీ చూసింది. గొంతు తగ్గించింది.

"నా మొగుడు గనిలో ఉండిపోయినప్పుడు ఆఫీసరు ఈ గుమ్మంలోనే నిలబడినాడప్పా. ‘వస్తా ఉండాడమ్మా, దారిలో ఉండాడు’ అన్నాడు. నీ మాదిరే నేల చూస్తా చెప్పినాడు. నేను ఆ పొద్దు రెండు తూర్లు అన్నం వండినాను."

మునీంద్ర నేల మీంచి చూపు ఎత్తలేదు.

"ఆయనకి ఎవురు చెప్పేది?" అంది ఆమె.

ఎవరూ చెప్పలేదు. మూడో రోజున, నర్సింగ్ చదివే పిల్ల శవం దొరికిందని పేపరు చెప్పింది.

ప్రిన్సీని ఆమె నాన్న పక్కన పూడ్చారు. ఖర్చు డిపార్ట్‌మెంట్ పెట్టుకుంది, ఏ జీతం కింద అన్నది తేల్చలేదు. నీటికాకి వెనకున్న ఫండ్ బాండ్ల విలువ సగానికి పడింది. సలోరాకి మందుల ఓడ వెళ్ళింది. ఆదిలక్ష్మమ్మకి ప్రమోషన్ వచ్చింది. మాస్టరు మాత్రం చెవి మిషన్ తీసి అవతల పారేశాడు. ఇప్పుడు ఎవరేమన్నా ఆయనకి వినబడదు.

ఆర్నెల్లకి కమిషన్ రిపోర్టు వచ్చింది. నాలుగువందల పేజీలు. ‘బాధ్యులెవరు?’ అన్న అధ్యాయం పేజీన్నర. అందులో తేల్చిన జవాబు ఒకటే మాట, ‘పరిస్థితులు’. కింద చిన్న అక్షరాల్లో, విచారణకి సాక్షి కుటుంబం అందించిన పూర్తి సహకారానికి కమిషన్ కృతజ్ఞతలు చెప్పుకుంది.