దీపం దిగని ట్యాంకు

పలమనేరు రోడ్డులో ఒక పాల డెయిరీ, దాని వెనక రేకుల షెడ్డు. చీకటి పడితే ఆ పక్కకు కుక్క కూడా పోదంటారు.

ఎనభై మూడులో ఆ షెడ్డులో పెద్ద స్టీలు ట్యాంకు కడతా ఉండిరి. రెండాళ్ళ లోతు. తుడవడానికి దిగిన శాంతయ్య మళ్ళీ పైకి రాలేదు. అరుపు లేదు, ఒంటి మీద గాటు లేదు... నిద్రపోయినట్టు పడి ఉన్నాడంట. డాక్టరు గుండె ఆగిందన్నాడు. జనం ఇంకోటి అన్నారు.

నెల తిరిగినాక జరిగింది ఇది. వాచ్‌మన్ ఓబయ్య మామ నాకు చెప్పినాడు — చెబుతా చెబుతా రెండుసార్లు వెనక్కి చూసినాడు.

ఆ రాత్రి వెల్డర్ మునస్వామి అన్నం తిని తిరిగి వచ్చినాడు. తెల్లారితే ట్యాంకు అప్పజెప్పాల. అడుగున ఒక్క అతుకు మిగిలింది. నిచ్చెన మీద కాలు పెట్టినాడు.

"ఉండప్పా," అని మామ లాంతరుకు పగ్గం కట్టి లోపలికి వదిలినాడు.

"ఏం మామా, జొన్నల పాతర అనుకుంటివా? కొత్త స్టీలు ఇది."

"మా ఊర్లో దీపం దించకుండా పాతరలో ఎవురూ దిగరు. ఊరికే ఉండు."

లాంతరు అంచు దాటింది... ఇంకాస్త దిగింది... మంట సన్నబడింది — ఆరిపోయింది.

గాలి లేదు. వాసన లేదు. మళ్ళీ వెలిగించి దించినాడు. మళ్ళీ అదే చోట... ఎవరో ఊదినట్టు.

"కిరసనాయిలు అయిపోయింటాది," అన్నాడు మునస్వామి, గొంతు తగ్గించి.

మామ లాంతరు ఊపినాడు. లోపల నూనె గళగళమన్నది.

మునస్వామి మెల్లగా కాలు వెనక్కి తీసుకున్నాడు. "నాకు చంటి బిడ్డుండాది మామా..."

ఇద్దరూ తెల్లార్లూ గేటు కాడే కూర్చున్నారు.

పొద్దున ఇంజనీరు వచ్చి చూసినాడు. వెల్డింగు సిలిండరు పైపు ట్యాంకులోనే ఉండాది. సిలిండరు వాల్వు సరిగ్గా మూయలేదు.

"దెయ్యం కాదయ్యా, ఆర్గాన్. వెల్డింగు గ్యాసు. గాలి కంటే బరువు, నీళ్ళలాగా అడుగున నిండి, ఊపిరి గాలిని పైకి తోసేస్తుంది. రంగు లేదు, వాసన లేదు. కాలదు, దేనితోనూ కలవదు."

దేనితోనూ కలవదు... మామ నోట ఆ మాట వింటే నాకెందుకో పాపం అనిపించింది.

"అయితే శాంతయ్య..." అన్నాడు మునస్వామి.

ఇంజనీరు తల దించుకున్నాడంట.

మామ అడిగినాడు. "యాడినుంచి తెస్తారు సార్ దీన్ని?"

"గాలిలో నుంచే. నూరు వంతుల్లో ఒక వంతు అదే. ఆ బల్బులో కూడా అదే, తీగ కాలిపోకుండా కాస్తుంది. ఇప్పుడు నీ రొమ్ములో కూడా ఉంది, ఏం చెయ్యదులే."

మామ ఊపిరి బిగబట్టినాడంట.

ఇప్పుడు నేనూ అంతే. రాత్రి లైటు తీసేసి పడుకుంటే నా ఊపిరే నాకు వినబడతాది. లోపలికి పోతాది... బయటికి వస్తాది... దేనితోనూ కలవని ఆ ఒక్క వంతు — వచ్చిందో, లోపలే కూర్చునిందో...